స్ప్రూకు దొరికిన మందు

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు తన ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాలో పోగొట్టుకున్నారు. వాళ్లను బలిగొన్నది స్ప్రూ అనే పేగుల జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణించి మనిషి పాలిపోతాడు. ఆ జబ్బు ఆయన్నీ వదల్లేదు. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, 1920ల తొలినాళ్లలో బోస్టన్ వెళ్లి హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరారు.

రక్తహీనతపై అప్పుడు ఆ ఊళ్లో ముమ్మరంగా పరిశోధన జరుగుతోంది. అంతకుముందు చావు తప్ప దారిలేని పెర్నీషియస్ అనీమియా రోగులకు రోజూ కాలేయం తినిపించి బతికించవచ్చని 1926లో అక్కడి వైద్యులు మైనాట్, మర్ఫీ చూపారు. అక్కడే మరో వైద్యుడు విలియం కాసిల్ చేసిన పని వింటే కడుపులో తిప్పుతుంది: తాను తిన్న మాంసాన్ని సగం అరిగాక బయటికి తీసి, పలచన చేసి, గొట్టంతో రోగుల కడుపులోకి పంపాడు. వాళ్లు కోలుకున్నారు. లోపం తిండిలో కాదు, దాన్ని ఒంటికి పట్టించే జఠర రసంలో ఉందని 1929లో ప్రకటించాడు.

కాలేయంలోని ఆ మందేమిటో తేల్చాలని సుబ్బారావు హార్వర్డ్‌లోనే పూనుకున్నారు. ఆ వెతుకులాటలోనే, 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరాక, ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. బొంబాయిలో 1931 నాటికే గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారంతో నయం చేసిన వైద్యురాలు లూసీ విల్స్‌కు అంతుపట్టని పదార్థం ఇదే. అమెరికా వైద్యుడు టామ్ స్పైస్ దీన్ని స్ప్రూ రోగులకిస్తే రక్తం మెరుగుపడింది. తన ఇంటిని కూల్చిన జబ్బుకు తన ప్రయోగశాలే మందు తెచ్చిందన్నమాట.

పెర్నీషియస్ అనీమియాకు మందు కనిపెట్టింది ఆయనేనని మనవాళ్లు రాస్తుంటారు. అది అతిశయోక్తి. ఫోలిక్ ఆమ్లంతో ఆ రోగుల రక్తం కుదుటపడుతుంది గానీ నరాల క్షయం ఆగదు. అసలు మందైన విటమిన్ బి12ను 1948లో అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో వేర్వేరుగా వేరుచేశాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

ఇప్పుడు మందుల షాపుల్లో ఫోలిక్ ఆమ్లం మాత్ర చవగ్గా దొరుకుతుంది. కాళ్లు తిమ్మిరెక్కుతూ నీరసంగా ఉన్నవాళ్లు దాన్ని సొంతంగా కొని మింగవద్దు. అది బి12 లోపం కావచ్చు; ముందు డాక్టరును కలిసి బి12 పరీక్ష చేయించుకోండి.