గ్రామసింహం మీద నింద

మహాభారతం ఎలా మొదలవుతుందని ఎవరినైనా అడిగి చూడండి. శంతనుడి దగ్గరనుంచో, గంగమ్మ దగ్గరనుంచో ఎత్తుకుంటారు. అసలు కథలోకి దిగకముందే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుందన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

జనమేజయ మహారాజు కురుక్షేత్రంలో యాగం చేస్తున్నాడు. దేవతల కుక్క సరమ. దాని పిల్ల ఆ యాగశాల దగ్గరికి వచ్చింది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని పట్టుకుని చావబాదారు. అది ఏడ్చుకుంటూ తల్లి దగ్గరికి పోయింది. 'నువ్వేం చేశావు?' అన్నది తల్లి ముందుగా అడిగిన మాట. ఏ తల్లయినా అడిగేదదే కదా! హవిస్సు ముట్టలేదు, అటువైపు కన్నెత్తి కూడా చూడలేదు అంది పిల్ల. అప్పుడు సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. ఏ తప్పూ చెయ్యని పసివాణ్ణి కొట్టారు గనుక అనుకోని భయం మీకు వచ్చిపడుతుందని చెప్పి మరీ వెళ్ళింది.

పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో కూర్చుని నన్నయగారు ఈ కథను ఆదిపర్వంలో తెలుగు చేశారు. అంటే మన ఆదికావ్యంలో తొలుత వినిపించే ఫిర్యాదుల్లో ఒకటి కుక్కదన్నమాట! చిత్రమేమిటంటే, అదే భారతం చివర మళ్ళీ కుక్కే వస్తుంది. పదమూడో శతాబ్దంలో తిక్కనగారు తెలుగు చేసిన భాగంలో ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచింది ఊరూ పేరూ లేని ఒక కుక్క. భార్య పడిపోయింది, తమ్ముళ్ళు పడిపోయారు, అది మాత్రం విడవలేదు. దాన్ని వదిలేస్తే స్వర్గం ఇస్తామన్నా ధర్మరాజు వదల్లేదు.

మొదట ఒక కుక్క, చివర ఒక కుక్క. మరి మధ్యలో మనం ఏం చేశాం? నోరు తిరిగినప్పుడల్లా దాన్నే తిట్టుకున్నాం. దిక్కులేని చావు కుక్కచావు. సుఖంలేని బతుకు కుక్కబతుకు. బుద్ధి మారనివాడికి కుక్కతోక. 'కుక్క కాటుకు చెప్పుదెబ్బ' అని సామెత. మళ్ళీ పనిమనిషినో, కొడుకునో దెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం, 'కుక్కకున్న విశ్వాసం లేకపోయె' అంటాం. ఒకే నోటితో రెండూ!

పేర్లలో ఉన్న తమాషా చూశారా? సరమ సంతానం గనుక సారమేయం. ఊళ్ళో తిరిగేది గనుక గ్రామసింహం. ఈ పేరు గౌరవానికి పెట్టారో, వెటకారానికి పెట్టారో పెట్టినవాళ్ళకే తెలియాలి. వేటకు పోయేది జాగిలం. ఈనాడు దొంగతనం జరిగితే పేపర్లో 'పోలీసు జాగిలాలు వచ్చాయి' అని రాస్తారు. అదే వీధిలో ఉండి రాత్రంతా మొరిగి దొంగను తరిమిన దానికి మాత్రం ఆ పేరు రాదు. అది ఉత్త ఊరకుక్క.

ఇంగ్లీషువాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. మన దేశవాళీ కుక్కకు 'పరియా డాగ్' అని పేరు పెట్టారు. తమిళదేశంలో పర అనే డప్పు వాయించే కులం పేరునుంచి వచ్చిన మాట అది. మనుషుల్ని ఊరవతల ఉంచిన పాపం ఒకటి, ఆ పేరునే తెచ్చి కుక్కకు తగిలించిన పాపం మరొకటి. ఒక్క మాటతో ఇద్దరికీ అన్యాయం. ఈమధ్య దాన్ని 'ఇండాగ్' అని పిలుద్దామంటున్నారు కొందరు. మంచిదే.

నిజానికి దీని వంశం సామాన్యమైనది కాదు. సింధునాగరికత నాటి చాన్హుదారోలో 1935-36లో తవ్వినప్పుడు ఒక ఇటుక దొరికింది. అది పచ్చిగా ఉన్నప్పుడు దానిమీదుగా ఒక పిల్లి పరుగెత్తిందట, వెనకాలే ఒక కుక్క. ఆ అడుగుల గుర్తులు నాలుగువేల ఏళ్ళకు పైగా అలాగే ఉండిపోయాయి. పిల్లి దొరికిందో లేదో మనకు తెలియదుగానీ, ఆ తరిమిన కుక్క బుద్ధి మన వీధిలో ఈనాటికీ మారలేదు!

నిక్కిన చెవులు, వీపుమీదికి చుట్టుకున్న తోక, పొట్టి బొచ్చు, గోధుమరంగు ఒళ్ళు. ఎవరో కూర్చుని ఈ జోడుకు ఆ జోడును కలిపి తయారుచేసిన రూపం కాదిది. మన ఎండ, మన వాన, మన మిగిలిన అన్నం కలిసి చేసిన రూపం. అందుకే వేసవిలో దానికి ఏసీ అక్కర్లేదు. ఒళ్ళంతా బొచ్చున్న పొమరేనియన్‌ను ముచ్చటపడి తెచ్చుకుని, ఏప్రిల్ వచ్చేసరికి దాన్ని ఫాను కింద పడుకోబెట్టి, అది రొప్పుతుంటే మనం కంగారుపడే ఇళ్ళు ఎన్ని లేవు?

మా కీసరలో మేం పెంచుకునేది ఈ జాతిదే. మోతీ అని పిలుస్తాం. ఇంటికి వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ, 'అదేమిటి వదినగారూ, పెంచితే ఒక మంచి జాతికుక్కను పెంచకూడదూ?' అంటారు. పాలు పోసే యాదమ్మ మాత్రం, 'గిదే మంచిదమ్మా, దీనికి ఇంటోళ్ళెవరో బయటోళ్ళెవరో ఎరికె' అంటుంది. నా ఓటు యాదమ్మకే.

కీసరగుట్ట మీద రామలింగేశ్వరుడున్నాడు. కేసరి కొడుకైన ఆంజనేయుడు కాశీనుంచి లింగాలు తెచ్చేసరికి ముహూర్తం మించిపోయిందనీ, ఆయన కోపంతో విసిరేసిన లింగాలే గుట్టమీద చెల్లాచెదురుగా ఉన్నాయనీ, అందుకే కేసరిగిరి కీసర అయిందనీ చెబుతారు. శివరాత్రికి జాతర. ఆ శివుడి రూపమే కాలభైరవుడు, ఆయన వాహనం కుక్క. మన తెలంగాణాలో ఒగ్గువాళ్ళు పాడే మల్లన్న వెంటా కుక్కలుంటాయి. దేవుడి పక్కన ఉంటే దణ్ణం పెట్టి, గుడి మెట్లమీద ఉంటే రాయి తీస్తాం. 'కుక్క వస్తే రాయి దొరకదు, రాయి దొరికితే కుక్క రాదు' అని సామెత కూడా కట్టుకున్నాం!

జాతికుక్కలనేవాటికి మాత్రం నిందలు తప్పాయా? మన ఇళ్ళలో ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్న అల్సేషియన్ కథ వినండి. అది అసలు జర్మన్ గొర్రెలకాపరి కుక్క. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఇంగ్లండులో జర్మనీ పేరు వింటేనే మంట. అందుకని 1919లో దానికి అల్సేషియన్ అని పేరు మార్చారు. అసలు పేరు మళ్ళీ దానికి దక్కింది 1977లో! యుద్ధం చేసింది మనుషులు, పేరు పోగొట్టుకుంది కుక్క.

నిన్నమొన్నటి సంగతి, 2024 మార్చిలో కేంద్రప్రభుత్వం పిట్‌బుల్, రాట్‌వీలర్ వగైరా 23 రకాలు ప్రమాదకరమని, వాటిని దిగుమతి చేసుకోవద్దని, అమ్మవద్దని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంతకుముందు 2022లో అమెరికాలో పద్దెనిమిదివేలకు పైగా కుక్కలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఒక్కొక్క కుక్క నడవడిలో ఉండే తేడాల్లో జాతివల్ల వచ్చేది దాదాపు 9 శాతమేనని తేల్చారు. అలాగని బలమైన దవడలున్న కుక్కను చిన్నపిల్లల దగ్గర వదిలేయమని కాదు. పుట్టుకతోనే దుర్మార్గురాలని ముద్ర వెయ్యొద్దని మాత్రమే. ఆడపిల్లల జాతకాల విషయంలో ఇలాంటి ముద్రలు మనకు తెలియనివా?

దేశవాళీ జాతుల్లో మన తెలుగుదేశానిదే ఒకటుంది, జోనంగి. కొల్లేటి చుట్టుపక్కల ఉండేది. నున్నటి ఒళ్ళు, నుదుట ముడతలు. మామూలు కుక్కలా భౌభౌమనదు, ఒక విధంగా రాగం తీస్తుంది. నేలలో గొయ్యి తవ్వుకుని చల్లగా పడుకుంటుంది. బాతుల మందను ఒక్కటీ తప్పిపోకుండా తోలుకొచ్చేది. తరవాత పొలాలు చేపల చెరువులయ్యాయి. బాతులకు తోవ లేకపోయింది, కుక్కకు పని లేకపోయింది. పని పోయినవాడికి ఊళ్ళో పేరు కూడా పోతుంది. ఇప్పుడా జాతి వెతికితేగాని కనపడదు.

కుక్కలంటే భయం ఊరికే పుట్టలేదు లెండి. పిచ్చికుక్క కాటు అంటే ఒకప్పుడు చావే. 1832లో బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం వీధికుక్కలను చంపించబోతే, కుక్కను పవిత్రంగా చూసుకునే పారసీలు బజార్లు మూయించి అల్లరి చేశారు. సర్కారుకు రోగభయం, పారసీలకు ధర్మభయం. 1885లో పాశ్చర్ మందు కనిపెట్టాక గాని లోకానికి ధైర్యం చిక్కలేదు. మన దేశంలో కసౌలీలో సెంపుల్ అనే దొర 1911లో తయారుచేసిన టీకానే చాలాకాలం వాడారు. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు! మన అమ్మమ్మలు కుక్కను చూసి భయపడ్డారో, ఆ సూదుల్ని చూసి భయపడ్డారో చెప్పడం కష్టం. 2004లో ఆ టీకాను ఆపేశారు. ఇప్పుడు జబ్బకు నాలుగైదు సూదులతో సరి. అలాంటి టీకా ఒకటి, అభయ్‌రాబ్, మన హైదరాబాదు కంపెనీ ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌దే.

ఇంతా చెప్పి, కరిచిన కుక్కల ఊసెత్తకపోతే అది న్యాయం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పొట్టన పెట్టుకుంది. ఆ తల్లి ముందు నిలబడి కుక్క మంచిదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? నాకు లేదు.

కాని ఆ గుంపులు ఎక్కడినుంచి వచ్చాయని అడిగే హక్కు మనకుంది. నగరం చెత్త వచ్చి పడేది మా పక్కనున్న జవహర్‌నగర్‌లోనే. రింగురోడ్డు వచ్చాక కీసర చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి. ఇల్లు కట్టినన్నాళ్ళూ ఇసుక, సిమెంటు కాపలాకు కూలివాళ్ళు ఒక కుక్కను సాకుతారు. గృహప్రవేశం కాగానే వాళ్ళు మూట కట్టుకుని పోతారు, కుక్క మిగిలిపోతుంది. ముచ్చటపడి కొన్న జాతికుక్క జబ్బుపడితే రాత్రిపూట కారులో తెచ్చి వదిలేసేవాళ్ళూ లేకపోలేదు. కోడిమాంసం కొట్టు వెనక పారేసిన వ్యర్థాల దగ్గర ఇవన్నీ కలుస్తాయి. ఒంటరిగా ఉన్నప్పుడు తోక ఊపేది గుంపులో చేరాక వేరు. మనుషులు మాత్రం అంతే కదూ?

2001లో వచ్చిన నిబంధనల ప్రకారం వీధికుక్కలను చంపకూడదు. పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఎక్కడివాటిని అక్కడే వదలాలి. 2023లో ఆ నిబంధనలను తిరగరాశారు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీలో వీధికుక్కలన్నిటినీ షెడ్లకు తరలించమంది. అదే నెల 22న, పిచ్చి పట్టినవీ మీదపడేవీ తప్ప మిగిలినవాటిని టీకా వేసి వదలవచ్చని మార్చింది. పెంచుకుంటామన్నవాళ్ళకు దత్తత ఇవ్వవచ్చునని కూడా చెప్పింది.

దత్తత అన్నమాట నాకు బాగా నచ్చింది. వేలు పోసి కొననక్కర్లేదు. వీధిలో ఈనిన పిల్లల్లో ఒకదాన్ని ఇంటికి తెచ్చుకుని, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి రేబిస్ టీకా, ఆపరేషన్ చేయించి, ఏటా టీకా తేదీ కేలండరు మీద రాసిపెట్టుకుంటే చాలు. ఆ వీధికి ఒక పిచ్చికుక్క భయం తగ్గుతుంది, ఆ ఇంటికి ఒక కాపలా దొరుకుతుంది. పొరపాటున ఏ కుక్కయినా పిల్లల్ని కరిస్తే పసుపు, కారం అద్దకండి. పావుగంట సబ్బునీళ్ళతో కడిగి, అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పెంపుడుదే కదా అని ఊరుకోవద్దు.

ఇక పిల్లలకు భారతం చెప్పేటప్పుడు శంతనుడి కంటే ముందు సరమ కథ చెప్పండి. కొట్టేముందు తప్పెవరిదో కనుక్కోవాలని వాళ్ళు అప్పుడే నేర్చుకుంటారు. కుక్కల విషయంలోనే కాదు, రేపు కోడళ్ళ విషయంలోనూ పనికొస్తుంది.