గాలి తక్కువ బండి: కాలవగట్టు నుంచి నేషనల్ హైవే దాకా

టైర్లో గాలి తగ్గితే ఏమవుద్ది? మా గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళనడిగితే "బండి బరువుగా లాగుద్ది" అంటారు. ప్రాణం మీదకొస్తుందని అనరు. అది వాళ్ళ అమాయకత్వం కాదు, వాళ్ళు తిరిగిన రోడ్లు అలాంటివి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సరుకంతా ఎక్కువగా కాలవల్లో పడవల మీదే తిరిగింది. రోడ్లంటే కాలవగట్లే. ఆ బురదలో ఇనప పట్టా వేసిన చెక్క చక్రం కూరుకుపోయేది. తర్వాత రబ్బరు టైర్ల ఎడ్లబండి వచ్చింది (మనవాళ్ళు టైరుబండి అని పేరు పెట్టేశారు). గాలి టైరు నేలమీద వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి తొందరగా దిగబడదు. గాలి కాస్త తక్కువుంటే ఇంకా వెడల్పు! ఎద్దులు నడిచే వేగంలో అది లాభమే.

రాజమండ్రిలో రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చింది. యానాం-ఎదుర్లంక వంతెనైతే 2002 దాకా లేదు, కారుని పంటు ఎక్కించాల్సిందే. అలాంటి దార్లలో యాభై దాటడమే గగనం.

1999లో వాజ్‌పేయి మొదలుపెట్టిన స్వర్ణ చతుర్భుజితో ఏలూరు, తణుకు, రావులపాలెం మీదుగా పోయే రోడ్డు నాలుగు లైన్లయింది (అప్పటి ఎన్‌హెచ్ 5, ఇప్పుడు 16). వేగం వందకి చేరింది, గాలి గురించి మన ఆలోచన మాత్రం టైరుబండి దగ్గరే ఉండిపోయింది.

బరువు మోసేది రబ్బరు కాదండీ, లోపలి గాలి. అది తగ్గితే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది. వంద స్పీడులో కారు చక్రం సెకనుకి సుమారు 14 సార్లు తిరుగుతుంది. ఆ వంగడమంతా వేడిగా మారి, ఉక్కు తీగల పొర నుంచి రబ్బరు ఊడొస్తుంది. పైగా సంక్రాంతికి ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను!

అమెరికా వాళ్ళు దీన్ని మనకంటే ముందే చూశారు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కి ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ, మన భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ వాల్యూనే తక్కువ. టైర్లు ఊడి, బళ్ళు పల్టీలు కొట్టి, 270 మందికి పైగా పోయారు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఫోర్డ్ టైరుని తిట్టింది, ఫైర్‌స్టోన్ బండినీ, ఆ 26నీ తిట్టింది. టైరు డిజైన్లోనూ లోపముందని 2001లో ప్రభుత్వ విచారణ తేల్చింది. కాబట్టి నేరమంతా గాలిదే అననుగానీ, అది లేకుండా కథ లేదు.

ఆ గొడవలోంచే డాష్‌బోర్డు మీద టైరు దీపం పుట్టింది. అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి. కానీ ఆ రూలు ప్రకారం గాలి పాతిక శాతం తగ్గాక వెలిగినా చాలు. అంటే 33 ఉండాల్సిన టైరు దాదాపు 25కి దిగేదాకా దీపం వెలగకపోవచ్చు. ఫుల్ లోడుకి ఎంత గాలి కావాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద విడిగా రాసుంటుంది. చూసుకునేది హైదరాబాదులో, బండి చల్లగా ఉన్నప్పుడే. సూర్యాపేటలో టీకి ఆగేసరికి టైరు వేడెక్కి మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది.