ఎల్మార్, ఇండస్టార్: ఏది దేనికి నకలు?

పాత లెన్సుల గురించి మాట్లాడుకునే చోట ఒక మాట తరచూ వినపడుతుంది: "ఇండస్టార్-22 అంటే ఎల్మార్‌కి రష్యన్ కాపీ". అరచేతిలో ఇమిడే ఈ రెండు 50 ఎంఎం, ఎఫ్ 3.5 లెన్సుల్నీ పక్కపక్కన పెడితే అలాగే అనిపిస్తుంది. రెండూ లోపలికి ముడుచుకునేవే, రెండిటికీ అదే 39 ఎంఎం మర. కానీ లోపలికి తొంగి చూస్తే కథ వేరు.

1902లో జర్మనీలోని యేనాలో జైస్ కంపెనీకి పాల్ రుడాల్ఫ్ టెస్సార్ రూపొందించాడు. నాలుగు కటకాలు, అందులో చివరి రెండూ అతికించినవి. 1920ల్లో లైకా కెమెరా కోసం లైట్జ్ కంపెనీలో మాక్స్ బెరెక్ చేసిన ఎల్మార్‌ అమరిక దీనికి చాలా దగ్గర. పెద్ద తేడా ఒక్కటే. టెస్సార్‌లో వెలుతురుని తగ్గించే డయాఫ్రమ్ రెండో కటకం వెనక ఉంటే, ఎల్మార్‌లో మొదటి కటకం వెనకే ఉంటుంది.

సోవియట్ వాళ్ళు 1934 నుంచి ఖార్కోవ్‌లో ఫెడ్ పేరుతో లైకాని పోలిన కెమెరాలు భారీగా తయారుచేశారు. అనాథ పిల్లల కోసం పెట్టిన కమ్యూన్‌లో మొదలైన ఫ్యాక్టరీ అది. యుద్ధం తర్వాత మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో జోర్కీ కెమెరాకి ఇండస్టార్-22 తోడైంది. దాని డయాఫ్రమ్ ఎక్కడుందంటారా? టెస్సార్‌లో ఉన్నచోటే! అంటే చొక్కా ఎల్మార్‌ది, ఒళ్ళు టెస్సార్‌ది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఇంటర్ఫేస్ ఒకరిది, లోపలి కోడ్ మరొకరిది. మరి ఇండస్టార్‌ని నకలు అని తిట్టేవాళ్ళు ఎల్మార్‌ని మాత్రం ఎందుకు వదిలేస్తారో!

ఇప్పుడు వీటిని పోల్చి చూడ్డం తేలికైంది. ఈ లెన్సులకి మర దగ్గర్నుంచి ఫిల్మ్ దాకా 28.8 ఎంఎం దూరం కావాలి. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ దూరం 18 ఎంఎం కాబట్టి, మిగిలిన 10.8 ఎంఎం అడాప్టర్‌తో సరిపోతుంది. కెనాన్ ఎస్సెల్లార్లలో అదే 44 ఎంఎం, అందుకే వాటిమీద దూరపు దృశ్యాలకి ఫోకస్ కుదరదు.

యుద్ధానికి ముందరి ఎల్మార్‌కి కోటింగ్ లేదు. వెలుతురు ఎదురుగా ఉంటే బొమ్మ పాలిపోతుంది. ఇండస్టార్‌కి కోటింగ్ ఉంది కాబట్టి ఈ విషయంలో దానిదే పైచేయి. తయారీలో నాణ్యత నిలకడగా ఉండేది మాత్రం ఎల్మార్‌లోనే. ఎఫ్ 8 దగ్గర తీస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. అన్నట్టు, మిర్రర్‌లెస్ మీద వీటిని లోపలికి ముడవకండి, గొట్టం వెళ్ళి షట్టర్‌కి తగలొచ్చు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇండస్టార్ మీద ఎల్మార్ పేరు చెక్కి ఎక్కువ ధరకి అమ్మేవాళ్ళున్నారు. కొనేముందు ముందువైపు నుంచి చూడండి. డయాఫ్రమ్ రేకులు మొదటి గాజు వెనకే ఉన్నాయా, లేక ఇంకో గాజు దాటాక ఉన్నాయా? మోసమంటే ఆ తప్పుడు పేరు చెక్కడం. తన పేరుతో తానున్న ఇండస్టార్ ఎవర్నీ మోసం చేయలేదు. మీరేమంటారు?