రథమా? శకటమా?



వాహనములలో వేగమునకు వేరు, సంసారమునకు వేరు అను విభాగము నిన్న మొన్న పుట్టినది కాదు. వేదకాలముననే మన పూర్వులు వాటిని రెండు తెగలుగా నెంచి రెండు పేళ్ళతో పిలిచిరి. ఒకటి రథము, రెండవది అనస్సు. రథము తేలికయైనది, ఆకులు గల చక్రములపై గుఱ్ఱములు లాగగా యుద్ధమునకును పందెమునకును పరుగెత్తునది. అనస్సు బరువైనది, ఎద్దులు లాగగా ధాన్యమును, కుటుంబమును మోయునది. ఎద్దునకు గల అనడ్వాహ శబ్దమునకు బండిని లాగునదియే యర్థము. అమరసింహుడు అనస్సును శకటమునకు పర్యాయముగా చెప్పెను.

ఋగ్వేదము పదవ మండలమున సూర్య యను కన్య వివాహమును వర్ణించు సూక్తము కలదు. భర్త యింటికి తరలు ఆ పెండ్లికూతురు ఎక్కిన వాహనమును ఋషి అనస్సనియే పేర్కొనెను. దేవకన్యకు తగిన రథము దొరకక కాదు. కాపురమునకు పోవు కన్యకు కాపురపు బండియే తగునని ఋషి భావమై యుండునని నాకు తోచును. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని కుమారుడు పొరుగు బాలుని బంగారు బండిని చూచి, తనకు మట్టిబండి వలదని యేడ్చును. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టిబండిలోనే నింపును. నాటకమునకు పేరు మట్టిబండిని బట్టి వచ్చినది గాని బంగారు బండిని బట్టి రాలేదు.

నేడు మన గోదావరి మండలములలో ఆ బాలుని కోరికయే క్రొత్త రూపమున వినవచ్చుచున్నది. రొయ్యల చెరువులు కలిసివచ్చిన యింటను, విదేశమున కుమారుడు ఉద్యోగము చేయుచున్న యింటను, కొండొకచో పొలము తాకట్టు పెట్టిన యింటను ఒకే చర్చ. పరుగుపందెపు కారు కొనవలెనా, లేక ఒకరి చేతిలో మెలగి నలుగురికి పనికివచ్చు కుటుంబపు కారు కొనవలెనా? ఈ ప్రశ్నకు మన నేల చరిత్రయే సమాధానము చెప్పగలదు.

1847వ సంవత్సరమున ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ నేలకు పంటనే గాక బాటను కూడ ఇచ్చినది. కాటను దొర త్రవ్వించిన కాలువలు పొలములకు నీరు పారించుటతో పాటు పడవలు నడచుటకును తగినట్లు ఏర్పడినవి. గట్టున నడచు మనుష్యులు త్రాడు పట్టి లాగగా, గాలి యనుకూలించినపుడు తెరచాప యెత్తగా, ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయలు, పెండ్లివారు ఆ నీటి బాటనే సాగిరి. ఆ గట్లే తరువాత అనేక గ్రామములకు రోడ్లైనవి. ఒకవైపు కాలువ, వేరొకవైపు వరిచేను. నడుమ ఇరుకు బాట. నేల రేగడి గనుక వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. పైన ఎంత తారు పోసినను అలవలె లేచుచు పడుచు నుండును. కోతల కాలమున ఆ రోడ్డులో సగము మేర ధాన్యమారబోయుదురు. ఈ బాట యెట్టిదో తెలియక వాహనమును ఎన్నుకొనరాదు.

ఈ బాటకు మన పెద్దలు ఎన్నుకొన్నది గూడుబండి. అడుగున గడ్డి పరచి, దానిపై దుప్పటి వేసి, వృద్ధులను, బాలింతలను, పసివారిని కూర్చుండబెట్టి కోటిపల్లికో, ద్రాక్షారామమునకో, అంతర్వేదికో తోలుకొనిపోయిరి. జమీందారులకు పల్లకీలు, అంబారీలు ఉండెను. పందెపు గిత్తలను చూచి రైతు మురిసిపోవును. కాని బండికి కావలసిన యెడ్లను సంతలో కొనునపుడు ఆ మురిపెమును ఇంటివద్ద విడిచివచ్చును. నోరు తెరిపించి పండ్లు చూచును. పండ్లు కలిసినవో లేదో చూచి వయస్సు గ్రహించును. సుడులు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. ఇంకొకరి కాడి మోసిన యెద్దని చిన్నచూపు చూడడు. కాడి మరగిన యెద్దు గనుకనే విలువ యిచ్చును.

మోటారు విషయమునను ఇదే న్యాయము కనబడుచున్నది. 1886లో జర్మనీ దేశీయుడైన కార్ల్ బెంజ్ మోటారు బండికి పేటెంటు పొందెను. అది లోకమంతట సామాన్యుల యింటికి చేరుటకు కారణమైనది అమెరికాలోని ఫోర్డు సంస్థ 1908లో ఆరంభించిన టి రకపు కారు. గుంతలు, బురద గల పల్లె బాటలకు తగునట్లు దానిని ఎత్తుగా నిర్మించిరి. చెడినచో రైతే బాగుచేసికొనుటకు వీలుగా చేసిరి. 1927లో నిలిపివేయు నాటికి కోటి యేబది లక్షల బండ్లు తయారైనవి.

అదే కాలమున మన హైదరాబాదులో జరిగిన కథ వినదగినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థ నుండి సింహాసనము వంటి ఎత్తైన ఆసనముతో పసుపు వన్నె కారును తెప్పించుటకు ఏర్పాటు చేసెను. కారు చేతికి రాకముందే 1911 ఆగస్టులో ఆయన మరణించెను. తరువాత గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ ప్రపంచమునెల్ల మించిన ధనవంతుడని పేరొందినవాడు. 1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రమున ముద్రించినది. అట్టివాడు ఆ సింహాసనపు కారును ఉత్సవములకు మాత్రము అరుదుగా బయటికి తీయించి, తాను సామాన్యమైన పాత మోటారులలో తిరుగుచుండెనని ప్రసిద్ధి. ఆ రోల్స్ రాయిస్ చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శనవస్తువైనది. లోభియని ఆయనను నవ్వినవారు కలరు. కాని ఏది ఊరేగుటకు, ఏది ఊరికి పోవుటకు అను వివేకము ఆయనకుండెనని మనము ఒప్పుకొనవలెను.

మన డెల్టాలో మోటారునకు నది యొక పెద్ద యడ్డంకి. రాజమహేంద్రవరము కడ 1900లో రైళ్ళకు తెరచిన హేవలాకు వంతెనపై మోటారునకు త్రోవ లేదు. 1974లో కొవ్వూరికి రైలు రోడ్డు వంతెన యేర్పడిన పిదపనే అచ్చట కారు తన చక్రములపై నది దాటగలిగినది. వంతెన లేని రేవులలో పంటులే గతి. నరసాపురము, సఖినేటిపల్లి రేవుల నడుమ పంటుపై కార్లను చేర్చుట చిరకాలముగా నడచిన పద్ధతి. రేవు వాలున దిగి, బల్ల యెక్కి, పంటుపై నిలువవలసిన కారునకు కావలసినది వేగము కాదు. నేలకు తగిలిపోని ఎత్తు.

అట్టి గుణములు గలది కనుకనే అంబాసిడరు కారు మన జిల్లాలలో ఇంటి చుట్టమైనది. 1942లో ఏర్పడిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై 1957 నుండి 2014 వరకు దీనిని తయారుచేసినది. పెట్రోలు ఎక్కువ త్రాగుననియు, స్టీరింగు బరువనియు అందరెరిగినదే. ఐనను వెడల్పయిన ఆసనము, గుంతకు ఓర్చుకొను స్ప్రింగులు, పల్లె మెకానిక్కు చేతికి లొంగు యంత్రము దాని సొమ్ములు. మొదట ఉద్యోగుల యొద్దనో వైద్యుల యొద్దనో ఉండి, రెండవ చేతికి మారి టాక్సీయై, పెండ్లికూతురిని అత్తవారింటికి, ప్రసవవేదన పడు స్త్రీని అర్ధరాత్రి కాకినాడ ఆసుపత్రికి చేర్చినది ఆ కారే. ఋషి చెప్పిన అనస్సు ఇదియే కదా! 1983 డిసెంబరులో వచ్చిన 796 ఘనసెంటీమీటర్ల మారుతి 800 చిన్నదైనను ఆ వంశములోనిదే.

పరుగుల కారును నేను నిందింపను. దాని నిర్మాణము గొప్ప విద్య. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ పందెమున గెలిచిన జాగ్వారు కారునకు అమర్చిన డిస్కు బ్రేకులే తరువాత సామాన్యపు కార్లకును వచ్చి ప్రాణములు కాపాడినవి. ఇటలీలో ఫెరుచ్చియో లంబోర్గిని 1948లో ట్రాక్టర్ల వ్యాపారము నెలకొల్పి, 1963లో పరుగుల కార్ల సంస్థను స్థాపించెను. ఆయన ట్రాక్టరును పందెమునకు పంపలేదు, పందెపు కారును దుక్కికి కట్టలేదు. మనము మాత్రము పందెపు కారును కాలువ గట్టుపై తోలదలచుచున్నాము! కోట్ల రూపాయల వెల, ఇద్దరికి మాత్రమే చోటు, నేలకు బెత్తెడెత్తు, చెడినచో మహానగరమునకు లారీపై మోయించవలెను. అంతర్వేది స్వామి రథము భీష్మైకాదశి నాడు కదలును. కాని దాని త్రాడు ఊరందరి చేతిలో నుండును. 2020లో ఆ రథము అగ్నికాహుతి కాగా, మరుసటి యేటికే క్రొత్తది నిలిచినది. అందరిది గనుక అందరును దుఃఖించిరి. ఇద్దరు కూర్చుండు కారునకై పదిమంది ఋణము మోయుట దానికి సాటి కాదు.

పాత కారు కొనువారు సంతలో రైతువలె మెలగవలెను. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు చెల్లును. ఆపైన పరీక్ష చేయించి ఐదేండ్లకొకమారు పొడిగించుకొనవలెను. అదియే దాని పండ్ల లెక్క. బ్యాంకు బాకీ తీరినట్లు కాగితముల నడిగి చూడవలెను. తీరపు ఊళ్ళలో తిరిగిన కారునకు ఉప్పుగాలి వలన అడుగురేకు తుప్పుపట్టును, వంగి చూడవలెను. ధవళేశ్వరము వద్ద ముప్పదియైదు లక్షల క్యూసెక్కులు పారిన 1986 ఆగస్టు వరద వంటివి ఎరిగిన నేల మనది. సీట్ల క్రింద బురద మరకలున్నచో నీట మునిగిన బండియని గ్రహింపవలెను. ప్రొద్దుట చల్లని యంత్రమును కదిలించి పొగను గమనింపవలెను.

వీటన్నిటికి మించిన పరీక్ష యొకటి కలదు. కారు చూడబోవునపుడు ఇంటిలోని మామ్మగారిని వెంటబెట్టుకొని పొండు. ఆమె మోకాళ్ళు పట్టుకొని మూల్గకుండ ఎక్కి, ప్రక్కన మనుమలకు చోటు మిగిల్చి కూర్చుండగలిగినచో బేరమాడుడు. లేనిచో కారు యెంత మెఱసినను మరియొక చోటికి పొండు.