తాతారుల పేరు మోసే పొద

చికాగోలో మన హైదరాబాదీ చుట్టాలుండే ఇళ్ల కంచెల వెంట మే నెలలో గులాబీ రంగు పూలతో ఓ పొద విరగబూస్తుంటుంది. టటారియన్ హనీసకిల్. అసలు తారీఖ్ ఆ పేరులోనే ఉంది.

తాతారులు వోల్గా ఒడ్డున కజాన్‌లో హుకూమత్ నడిపిన ముసల్మాన్ ఖౌమ్. 1552లో జార్ ఇవాన్ కజాన్‌ను గెల్చుకున్నాడు. యూరపోళ్ల నక్షాల్లో మాత్రం అక్కడి నుంచి చైనా దాకా అంతా 'టార్టరీ'యే. కజాఖ్ అయినా, ఉజ్బెక్ అయినా, ఉయ్గుర్ అయినా ఒకటే ముద్ర. పైగా ఆ అదనపు 'ర్' గ్రీకుల పాతాళం టార్టరస్‌ను గుర్తుచేసేది. అంటే జహన్నుమ్ నుంచి వచ్చినోళ్లన్నమాట!

సైబీరియా, మధ్య ఆసియాల ఈ పొదకు 1753లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ 'లొనిసెరా టటారికా' అని పేరు పెట్టాడు. ఆ 'ర్' తగిలించలేదు, అంతవరకు షుక్రియా. లొనిసెరా అంటే జర్మన్ హకీమ్ ఆడమ్ లోనిట్జర్. ఆయనకు సొంత పేరు దక్కింది, అన్ని ఖౌములకు కలిపి ఒక్కటే లేబుల్.

గడ్డకట్టే సర్దీకి చావదు, నరికినా మొదట్నుంచి చిగురిస్తుంది. అందుకే యూరప్, అమెరికా బాగుల్లో దీన్ని తెచ్చి నాటారు. ఎర్ర పండ్లు తిన్న పిట్టలు విత్తనాల్ని అడవులకు చేర్చాయి. అందరికంటే ముందే ఆకు తొడిగి కింది మొక్కలకు ఎండ తగలనివ్వదు. ఇప్పుడు ఇల్లినాయ్ కానూన్ ప్రకారం దీన్ని అమ్మడం, నాటడం మనా. 'దండెత్తిన పరాయి మొక్క' అంటున్నారు. తెచ్చి నాటినోళ్ల పేరు ఆ ఇల్జామ్‌లో లేదు.

మీవాళ్ల ఆంగన్‌లో ఉంటే పండ్లు రాకముందే వేళ్లతో సహా పీకమనండి.