రక్త-మస్తిష్క అవరోధం: శైశవం నుండి వార్ధక్యం వరకు - ఒక భావన చరిత్ర

1. ఉపోద్ఘాతం:

రక్తంలో ప్రవహించే ప్రతి పదార్థమూ మెదడును చేరదు. మెదడులోని సూక్ష్మరక్తనాళాల లోపలి పొర కణాలు ఒకదానికొకటి బిగువుగా అతుక్కొని ఉంటాయి. అవి కావలసిన పోషకాలను వాహక ప్రోటీన్ల ద్వారా లోనికి పంపుతూ, అక్కరలేనివాటిని నిలువరిస్తాయి. ఈ ఏర్పాటునే రక్త-మస్తిష్క అవరోధం అంటారు. గర్భస్థ, నవజాత శిశువులలో ఇది 'అపరిపక్వం' అనే అభిప్రాయం ఇరవయ్యో శతాబ్దంలో బలంగా వేళ్లూనుకొంది. ఆ అభిప్రాయం ఎలా ఏర్పడింది, ఎందుకు సడలింది, వార్ధక్యాన్ని అర్థం చేసుకోవడంలో ఆ చరిత్ర ఎలా ఉపకరిస్తుంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. రంగులు చెప్పిన సంగతి:

జంతువుల శరీరంలోకి ఎక్కించిన కొన్ని రంగులు ఇతర అవయవాలకు అంటినా మెదడుకు అంటలేదని 1885లో పాల్ ఎర్లిఖ్ గుర్తించారు. మెదడు కణజాలానికి ఆ రంగులను పట్టే గుణం లేదని ఆయన భావించారు. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో ట్రిపాన్ బ్లూ అనే రంగును నేరుగా మస్తిష్కమేరు ద్రవంలోకి ఎక్కించగా మెదడు నీలమైంది. కనుక మెదడుకు రంగు పట్టే గుణం ఉంది. రక్తం నుండి అక్కడికి దారి లేదు. 1921లో జెనీవాలో లీనా స్టెర్న్, రేమండ్ గోటియే తమ పరిశోధనలలో దీనిని 'అవరోధం' అనే పేరుతో వ్యవహరించారు.

3. అపరిపక్వతావాదం:

1920లోనే జార్జ్ విస్లోకి గినీపిగ్ పిండాలలోకి ట్రిపాన్ బ్లూ ఎక్కించి, వాటి మెదడుకు రంగు అంటలేదని చూపారు. అయితే 1927లో బెన్‌సెన్ చిన్న ఎలుకలపై, స్టెర్న్, పైరో వివిధ జంతువుల పిల్లలపై చేసిన ప్రయోగాలు దీనికి భిన్నమైన ఫలితాలనిచ్చాయి. లేత వయసులో అవరోధం పూర్తిగా ఏర్పడదనే నిర్ణయమే ప్రచారం పొందింది. నవజాత శిశువులలో తీవ్రమైన కామెర్ల వల్ల మెదడులోని కొన్ని కేంద్రాలు పసుపెక్కి దెబ్బతినే కెర్నిక్టరస్ వ్యాధి ఇందుకు నిదర్శనంగా కనిపించింది.

4. పునర్విచారణ:

ఈ నిదర్శనాన్ని వేరుగా చదవవలసిన అవసరాన్ని 1956లో విలియం సిల్వర్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనం కలిగించింది. నెలలు నిండని శిశువులకు అంటురోగాలు రాకుండా ముందుజాగ్రత్తగా రెండు రకాల మందులు ఇచ్చి పోల్చగా, పెన్సిలిన్‌తో పాటు సల్ఫిసాక్సజోల్ పొందిన వారిలో మరణాలు, కెర్నిక్టరస్ ఎక్కువగా కనిపించాయి. కారణం గెరార్డ్ ఓడెల్ 1959 నాటి పరిశోధనతో స్పష్టమైంది. బిలిరుబిన్ సాధారణంగా రక్తంలోని అల్బుమిన్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది. సల్ఫా మందు దానిని అక్కడి నుండి తొలగించగా, విడివడిన బిలిరుబిన్ మెదడులోకి చేరింది. అంటే రక్షణ కోసం ఇచ్చిన మందే ప్రాణాపాయమైంది. ఈ ప్రమాదాన్ని వివరించడానికి 'అడ్డుగోడ లేదు' అనుకోవలసిన పని లేదు.

పాత ప్రయోగాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ట్రిపాన్ బ్లూ కూడా ప్లాస్మా ప్రోటీన్లకు అతుక్కొనే రంగే. ఆ ప్రోటీన్లు తక్కువగా ఉండే పసి ప్రాణులకు రంగు అధిక మోతాదులో ఎక్కిస్తే, అతుక్కోకుండా మిగిలిన భాగం మెదడును చేరగలదు. 1967లో థామస్ రీస్, మోరిస్ కార్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో అవరోధానికి మూలం రక్తనాళ కణాల నడుమ ఉండే బిగువైన సంధులేనని నిరూపించారు. అటువంటి సంధులు పిండదశలోనే ఉన్నాయని నార్మన్ సాండర్స్, షెల్ మోల్‌గార్డ్ తదితరులు తరువాత చూపారు. రక్తనాళాలను ఆనుకొని ఉండే పెరిసైట్లు పిండదశలోనే అవరోధ నిర్మాణానికి తోడ్పడతాయని 2010లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు తెలిపాయి.

అయినా శిశువు అవరోధం పెద్దల అవరోధం వంటిదే కాదు. ఎదిగే మెదడుకు అమైనో ఆమ్లాలు ఎక్కువగా కావాలి. వాటి రవాణా అప్పుడు చురుకుగా సాగుతుంది. మందులను వెనక్కు నెట్టే పి-గ్లైకోప్రోటీన్ పుట్టుక నాటికి తక్కువగా ఉండి క్రమంగా పెరుగుతుంది. కాబట్టి శిశువుకు ఏ మందు ప్రమాదకరమో దేనికది విడిగా తేల్చవలసిందే.

5. వార్ధక్యం:

2015లో మాంటేన్ తదితరులు జీవించి ఉన్న మనుషుల మెదడులను ఎంఆర్ఐతో పరిశీలించి, వయసుతో పాటు జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో అవరోధం సడలుతుందని గుర్తించారు. స్వల్ప జ్ఞానలోపం ఉన్నవారిలో ఈ సడలింపు మరింత ఎక్కువ. దీనిని గోడ బీటలువారడంగా మాత్రమే చూడడం సరికాదని 2020లో ఆండ్రూ యాంగ్ బృందం ఎలుకలపై చేసిన పరిశోధన సూచిస్తుంది. యౌవనంలో ప్లాస్మా ప్రోటీన్లు ప్రత్యేక గ్రాహకాల ద్వారా ఎంపికగా మెదడును చేరతాయి. వార్ధక్యంలో ఆ ఎంపిక తగ్గి, విచక్షణ లేని రవాణా పెరుగుతుంది. అంటే ఇక్కడ మారింది ప్రవేశ విధానం.

6. ముగింపు:

'అవరోధం' అనే మాట గోడను స్ఫురింపజేస్తుంది. గోడ అనుకొన్నప్పుడు శైశవం అసంపూర్ణ నిర్మాణంగా, వార్ధక్యం శిథిలావస్థగా తోచడం సహజం. మెదడు అవసరాలను బట్టి రాకపోకలను నియంత్రించే జీవవ్యవస్థగా దానిని గ్రహించినప్పుడు, ఏ వయసులో ఏ పదార్థం ఏ దారిన ప్రవేశిస్తుందనే ప్రశ్న ముందుకు వస్తుంది. 1950లలో కామెర్ల శిశువుల విషయంలో ఆ ప్రశ్నకు జవాబు తెలియడానికి ప్రాణాలే మూల్యమయ్యాయి. శాస్త్ర పరిభాషలోని ఉపమానాలను కూడా సాక్ష్యాల వలెనే పరీక్షించవలసిన అవసరాన్ని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.