బయటి నుంచి తెచ్చిన కారుకి మన ఊళ్ళో ఎంతిస్తారు?

మా బావ సింగపూర్లో పదేళ్ళు ఉద్యోగం చేసి, ఇప్పుడు హైదరాబాదు వచ్చేద్దామనుకుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, "ఇక్కడి కారు వెంట తెచ్చేసుకుంటా. స్టీరింగు ఎలాగూ కుడి వైపే. నాలుగేళ్ళు నడిపి అమ్మినా, ఫారిన్ కారంటే మనవాళ్ళు ఎగబడి కొంటారు కదా" అన్నాడు.

ఆ ఎగబడటం దగ్గరే నాకు పేచీ. ఒకప్పుడు అది నిజమే. 1983లో మారుతి వచ్చేదాకా మనకి రోడ్డు మీద కనిపించేవి ప్రధానంగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. వాటికే ఏళ్ళ తరబడి క్యూ. దాంతో వాడిన కారు కూడా కొన్న ధర కన్నా ఎక్కువకి అమ్ముడుపోయేది. రాయబార కార్యాలయాల వాళ్ళు వదిలేసిన విదేశీ కార్లు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికొస్తే ఇక చెప్పేదేముంది! కానీ అప్పుడు జనం డబ్బిచ్చింది కారుకి కాదు, కొరతకి.

కొరత లేని చోట ఏమవుతుందో తెలియాలంటే 1980ల నాటి అమెరికా చూడాలి. 1985 మొదట్లో డాలరు బాగా బలపడి మూడు జర్మన్ మార్కులు దాటింది. అంతకు ముందే ఇంకో కారణం కూడా ఉంది. మెర్సిడెస్ వాళ్ళు యూరప్‌లో 500 ఎస్ఈఎల్ అమ్ముతూ, అమెరికాలో మాత్రం 1983 దాకా నీరసంగా నడిచే 380 ఎస్ఈఎల్‌తో సరిపెట్టారు. ఇంకేం, జనం జర్మనీలో సొంతంగా కొని ఓడ మీద తెప్పించుకోవడం మొదలెట్టారు. 1985లో అలా వచ్చిన కార్లు 60 వేల పైచిలుకు. దీన్నే గ్రే మార్కెట్ అనేవారు.

అయితే వచ్చిన కారుని అమెరికా నిబంధనలకి తగ్గట్టు మార్చాలి: బంపర్లు, తలుపుల్లో ఉక్కు కడ్డీలు, హెడ్‌లైట్లు, పొగ తగ్గించే కన్వర్టరు. కొందరు మెకానిక్కులు శుభ్రంగా చేశారు, కొందరు కాగితాల మీద మాత్రమే చేశారు. బయటి నుంచి చూస్తే ఏది ఏదో తెలీదు. అసలు చిక్కంతా ఇక్కడే. రెండో చేతి కొనుగోలుదారు మంచి పని చేసిన కారుకి కూడా అనుమానం ధరే ఇచ్చాడు. అధీకృత డీలర్లు వారంటీ ఇవ్వమన్నారు. మన భాషలో చెప్పాలంటే, వెండర్ సపోర్టు లేని సాఫ్టువేరు అన్నమాట. బాగానే నడుస్తుంది, కానీ మీ తర్వాత దాన్ని చూసుకునేవాడు భయపడతాడు. 1988లో కాంగ్రెస్ చట్టం తెచ్చి ఈ దారి దాదాపు మూసేసింది.

ఆ చట్టమే ఒక తమాషా కూడా చేసింది. 25 ఏళ్ళు దాటిన కార్లకి ఆ భద్రతా నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ 2014లో ఆ గీత దాటింది. అంతకు ముందు దొంగదారిన తెచ్చుకున్నవాడికి ఎప్పుడు జప్తు చేస్తారోనని దడ. గీత దాటాక అదే మోడలు కోసం అమెరికన్లు పోటీలు పడ్డారు. కారు మారలేదు, కాగితం మారింది.

న్యూజిలాండ్ కథ ఇంకోలా ఉంది. 1980ల చివర్లో వాళ్ళు తలుపులు తెరిచేసరికి జపాన్ నుంచి వాడిన కార్లు వెల్లువలా వచ్చాయి. వీధి వీధినా అవే అయినప్పుడు విడిభాగాలకీ, మెకానిక్కులకీ ఏం లోటు? దిగుమతి కారు అంటే మామూలు కారే అయిపోయింది. అయినా సరే, అక్కడ కొత్తగా అమ్మిన కారుకి ఈ రోజుకీ కాస్త ఎక్కువ ధర పలుకుతుంది. కారణం, జపాన్లో అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, మీటరు ఎవరైనా వెనక్కి తిప్పారో లేదోనన్న అనుమానం.

ఇప్పుడు మా బావ కారు సంగతి. 2001లో మన ప్రభుత్వం వాడిన కార్ల దిగుమతికి దారి తెరుస్తూనే షరతులు పెట్టింది: మూడేళ్ళ కన్నా పాతది కాకూడదు, స్టీరింగు కుడి వైపు ఉండాలి, ముంబై రేవు నుంచే రావాలి. సుంకం సంగతి సరేసరి. అది ఆయన జేబులోంచి పోతుంది. రేపు కొనేవాడు మాత్రం ఆ సుంకం లెక్కగట్టి ఇవ్వడు, ఇక్కడ షోరూములో దొరికే కారుతో పోల్చి చూస్తాడు. మెర్సిడెస్ 1995లో పుణెలో, బీఎండబ్ల్యూ 2007లో చెన్నైలో కార్లు బిగించడం మొదలెట్టాయి. ఇక్కడే తయారైన కారు, ఇక్కడి సర్వీసు పుస్తకంతో దొరుకుతుంటే, పరాయి కారుకి ఎవరు ఎగబడతారు?

ఇదంతా చెప్తే బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాపని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది ఈ కార్లోనే రా" అన్నాడు.

"అందుకోసమైతే తెచ్చుకో బావా, ఆ ఖర్చుకి అర్థముంది" అన్నాను. "కానీ నాలుగేళ్ళ తర్వాత వచ్చే డబ్బు అని లెక్కలో ఒక గడి పెట్టావే, దాన్ని మాత్రం సున్నా చేసి మళ్ళీ చూసుకో."

చూసుకుంటున్నాడట. ఇంకా ఏదీ తేల్చలేదు.